ఆపకూడని యంత్రం

కంప్యూటర్ క్లబ్బులో చేరిన మొదటి రోజే, ఫోను చార్జింగు కోసం ఆ కొత్తమ్మాయి గోడకున్న ప్లగ్గొకటి పీకింది. మూలనున్న పాత సర్వరు ఆగిపోయింది. సభ్యులందరి ప్రాజెక్టులూ అందులోనే ఉన్నాయి. మర్నాడే వాటిని అప్పగించాలి.

ప్లగ్గు మళ్లీ పెట్టి మీట ఎన్నిసార్లు నొక్కినా అది ఉలకలేదు, పలకలేదు.

"ఇన్నేళ్లలో దాన్ని ఎవ్వరం ముట్టుకోలేదే తల్లీ!" అని క్లబ్బు కార్యదర్శి నెత్తి బాదుకుంది.

"నన్ను తీసేయకండక్కా. మా ఇంట్లో కంప్యూటర్ లేదు, నాకీ గదే దిక్కు." కొత్తమ్మాయి మీట మరోసారి నొక్కింది. "బ్యాకప్ ఉంటుందిగా?"

"ఎందుకుండదు? రోజూ దానంతటదే పడుతుంది."

"ఎక్కడక్కా?"

కార్యదర్శి వేలు సర్వరు వైపే లేచి, సగంలో ఆగిపోయింది.

ఆపితే చెడిపోతుందని అందరూ భయపడ్డారే గానీ, చెడిపోతే ఏం చేయాలో ఒక్కరూ పరీక్షించి చూడలేదు.

"నిన్ను తీసేస్తే ముందు నన్ను తీసెయ్యాలి," అంటూ కార్యదర్శి స్క్రూడ్రైవర్ అందించింది. "మూత తియ్యి. డిస్కు బతికుంటే వేరే మెషీన్‌లో పెట్టి చూద్దాం."

"నా చేతులు వణుకుతున్నాయక్కా."

"నావి చూడు, ఇంకా ఘోరం. నువ్వే తియ్యి."