వంట యజ్ఞన్నగారి గరిటె

నేను ఒక ఇత్తడి గరిటెను. మీ ఇంట్లో పప్పు వడ్డించుకునే చిన్న గరిటెల్లో ఒకదాన్నని పొరబడకండి. నాది రెండు మూరల కాడ. వెయ్యి విస్తళ్ల పెళ్లిలో గుండిగ అడుగుదాకా దిగి పులుసు కలిపినదాన్ని. అజ్జరంలో ఒక కంచరి నన్ను పోతపోసి, మెరిసేదాకా తోమి, కొత్తపేట వంటాయన ఒకరి చేతిలో పెట్టాడు. ఆయన పోయాక కొడుకు యజ్ఞన్నగారి చేతికి వచ్చాను.

యజ్ఞన్నగారికి ఒక నియమం ఉండేది. దేవుడికి నైవేద్యం పెట్టకముందు ఏ వంటకమూ నాలుక మీద వేసుకునేవారు కాదు. నన్ను ముక్కు దగ్గరికి ఎత్తి, ఆవిరి పీల్చి, "ఇంకో గుప్పెడు ఉప్పు" అనేవారు. మనుషులు చప్పరించి మరీ ఉప్పు తప్పుతారు, ఈయన వాసనతోనే సరిగ్గా చెప్పేవారు. అందులో నా గొప్ప కూడా కొంత ఉందని అనుకునేదాన్ని. ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. విస్తళ్లు ఎత్తేవాళ్లు తినందే తాను తినని మనిషి కాబట్టి ఆ మాత్రం గర్వాన్ని క్షమించాను.

ఆయనకి యాభై మూడో ఏడు నడుస్తుండగా, ఒక పెళ్లిలో నైవేద్యానికి తీసిపెట్టిన బూరెల్లోంచి ఒకటి తీసి నోట్లో వేసుకున్నారు. అందరూ చూస్తుండగానే రెండోది కూడా. పెళ్లికూతురి తాతగారు నిర్ఘాంతపోతే, ఆయన మొహంలోకి చూసి నవ్వారు. పక్కన వంట చేస్తున్న బావమరిది కామశాస్త్రికి తల కొట్టేసినట్టయింది. మళ్లీ స్నానం చేసి, మళ్లీ పిండి కలుపుకుని బూరెలు వండాడు.

పెద్దలు ఆయన్ని ప్రాయశ్చిత్తానికి కూర్చోబెట్టారు. ఆయన సంకల్పం మొదలు గోత్రప్రవర దాకా ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. సరిగ్గా అక్కడే అందరూ పప్పులో కాలేశారు. "ఇంత జ్ఞాపకం ఉన్నవాడికి మతి చెడడమేమిటి? ఇది ఒట్టి పొగరు" అని తేల్చేశారు. మనుషుల తీర్పులు మా వంటకంటే త్వరగా ఉడుకుతాయి.

ఆయన భార్య విశాలాక్షమ్మ ఇంట్లో తాను ఎంత తిట్టినా, బయటివాళ్ల చేత మాత్రం చాలాకాలం ఆయన్ని మాట పడనివ్వలేదు. కానీ ఆమె తల్లి పోయిన రోజున, శవం ఇంకా ఇంట్లో ఉండగానే, ఆయన "గారెలు ఎప్పుడు వేస్తారు?" అని అడిగారు. తల్లి పోయినందుకు ఏడ్చినదానికంటే ఆ మాటకి ఆమె ఎక్కువ ఏడ్చింది.

"అక్కా, మా ఇంటికి వచ్చేయ్. జాలన్నది లేని మనిషితో ఎన్నాళ్లుంటావు?" అన్నాడు కామశాస్త్రి.

ముప్పై ఏళ్ల కాపురాన్ని ఆమె ఒక పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది. ఎదురుగా యజ్ఞన్నగారు నన్ను పట్టుకుని వంటింటి నుంచి వీధిగేటు దాకా నడుస్తున్నారు. గేటుకి నాతో ఒక దెబ్బ వేసి వెనక్కి తిరుగుతున్నారు. మళ్లీ అదే నడక, మళ్లీ అదే దెబ్బ. నా గుంటకి సొట్టపడింది, ఆయన ఆగలేదు. విశాలాక్షమ్మ చీర మడతపెట్టడం మానేసి అలాగే చూస్తూ కూర్చుంది.

"ఇది పొగరు కాదురా కాముడూ. పొగరున్నవాడైతే నాతో పోట్లాడతాడు. ఈయన కంటికి నేను ఆనడమే లేదు. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్దాం పద."

బస్సులో నేనూ ఉన్నాను, ఆయన నన్ను వదిలితే కదా! స్కానింగు గదిలో పెద్ద అయస్కాంతం ఉంటుందని అక్కడికి మాత్రం నన్ను రానివ్వలేదు. ఇత్తడి అయస్కాంతానికి అంటుకోదని చెప్పుకునే అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి నెమ్మదిగా చెప్పింది. "దీన్ని ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అంటారమ్మా. మెదడు ముందుభాగం, పక్కభాగం కృశించిపోతాయి. చాలామందికి అరవై ఐదేళ్లలోపే మొదలవుతుంది. మొదట్లో జ్ఞాపకం బాగానే ఉంటుంది. అదుపు, మొహమాటం, ఎదుటివాళ్ల బాధ తెలియడం, ఇవే ముందు దెబ్బతింటాయి. తీపి మీద యావ కూడా అందులోదే."

"మరి మా అమ్మ పోయినప్పుడు..."

"అది ఆయన గుణం కాదమ్మా, జబ్బు. నయం చేసే మందు ఇంకా రాలేదు. కానీ ఆయన్నీ మిమ్మల్నీ కాస్త సుఖంగా ఉంచే మార్గాలు చాలా ఉన్నాయి."

"ఏడాదిగా నోటికొచ్చినట్టు తిట్టానండీ ఆయన్ని" అని విశాలాక్షమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ ఏడుపులో బాధ ఎంతుందో ఊరటా అంతే ఉంది.

నెలకోసారి ఇలాంటి కుటుంబాలు కలుసుకునే చోటు ఒకటి డాక్టరమ్మ చూపించింది. ఆయనతో వాదించవద్దని, తీపి కంటికి కనబడనివ్వవద్దని, చేతులకి అలవాటైన పని ఇవ్వమని అక్కడివాళ్లు చెప్పారు. విశాలాక్షమ్మ ఆయనకి బియ్యం ఏరే పని అప్పగించింది. నెలకో ఆదివారం కామశాస్త్రి బావగారి దగ్గర ఉండి అక్కకి విశ్రాంతి ఇచ్చేవాడు. మొదటి ఆదివారం అతను కళ్లనీళ్లతో "బావగారూ, నన్ను క్షమించండి" అన్నాడు. యజ్ఞన్నగారు "పప్పు మాడుతోంది" అన్నారు. నిజంగానే మాడుతోంది.

కొన్నాళ్లకి అక్కాతమ్ముళ్లు రావులపాలెంలో ఒక పెళ్లి వంట ఒప్పుకున్నారు. విశాలాక్షమ్మ నన్ను పట్టింది. యజ్ఞన్నగారు గోడవార బియ్యం ఏరుతూ కూర్చున్నారు. పులుసు దించే హడావుడిలో ఆమె చూపు తప్పింది. ఆయన లేచివెళ్లి, పంక్తిలో ఒక పెద్దమనిషి విస్తట్లోని జాంగ్రీ తీసుకుని తినేశారు.

"ఎవడండీ ఈ సిగ్గులేని మనిషి?" అని పెద్దమనిషి లేచాడు.

ఇదివరకైతే విశాలాక్షమ్మ మొహం చెల్లక భర్తని ఏ గదిలోనో పెట్టి గొళ్లెం వేసేది. ఆ రోజు నాతో సహా పంక్తి మధ్యకి నడిచింది.

"మా ఆయనండీ. ఇరవై ఏళ్లు ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లకి వండి పెట్టారు. సిగ్గులేక కాదండీ, మెదడుకి జబ్బు చేసింది. దానికి ఒక పేరుంది, డాక్టర్లున్నారు. మీకు వేరే విస్తరి వేయిస్తాను, ఆయన్ని ఏమీ అనకండి."

పెద్దమనిషి అప్పుడు గుర్తుపట్టి, తల దించుకుని, "కూర్చోండి యజ్ఞన్నగారూ" అంటూ పక్కకి జరిగాడు.

చివరి విస్తరి ముందు నుంచి ఒకావిడ ఎంగిలిచేత్తోనే లేచి వచ్చింది.

"మా ఆయన బళ్లో మేష్టారండీ. ఆర్నెల్లుగా ఎవరు ఏడ్చినా నవ్వుతున్నారు. బళ్లోకి రావద్దన్నారు. మేమూ పొగరనే అనుకున్నామండీ. తిట్టని రోజు లేదు... ఆ డాక్టరమ్మ ఎక్కడుంటారండీ?"

విశాలాక్షమ్మ నన్ను తమ్ముడి చేతికిచ్చి, ఆవిడ భుజం పట్టుకుని విస్తరి దగ్గరికి నడిపించింది.

"ముందు అన్నం తినండి. రేపు పొద్దున్న ఏడింటి కాకినాడ బస్సుకి మీవారిని తీసుకుని రండి. మీ కూడా నేనొస్తాను."