పొగ ఊదిన రాయి

చికెన్ ఉడుకుతుంటేనే చొక్కా ఇస్త్రీ చెయ్యాలె, ఇస్త్రీ నడుస్తుంటేనే అత్తమ్మకు బీపీ గోలి ఇయ్యాలె. ఆదివారమంటే మా కిషన్‌బాగ్ ఇంట్ల గిదే. అది విశ్రాంతి దినమని పాస్టర్‌గారు చెప్తరు గానీ, ఆ ముచ్చట మా వంటింటి దాక ఎన్నడు రాలే. మొన్న ఆదివారం మా ఆయన డానియేలు తెల్లచొక్కా తొడుక్కుంట, "సుజనా, ఇయ్యాల జర ముంగట కూసో. నేను సాక్ష్యం చెప్తున్న" అన్నడు. దేవుడు తనకు చేసిన మేలు అందరి ముంగట లేచి చెప్పుడు మా చర్చిల రివాజు. పదమూడేండ్ల కాపురంల ఈయన అక్కడ నోరు తెరిచింది నేను చూడలే. ఏం సాక్ష్యమని అడిగిన. "వింటవ్ గదా, గంత తొందరేంది?" అని నవ్విండు.

చర్చి మలక్‌పేటల. ఆడోళ్లం ఎడమదిక్కు చాపల మీద, నెత్తిన కొంగేసుకొని. మగోళ్లు కుడిదిక్కు కుర్చీలల్ల. మైకు ఎప్పుడు గానీ కుడిదిక్కు కెళ్లే మొదలైతది. మా దాక వచ్చేసరికి టైమైపోతది. వచ్చినా మా ఆడోళ్లు చెప్పేది పిల్లల జరాలు, మొగోళ్ల తాగుడు, అంతే. నా పక్కన అత్తమ్మ లీలమ్మ, కొడుకు లేస్తుంటే చూసి మస్తు మురిసిపోతుంది.

పాటలు చూపించే తెర మీద ఫోటో వచ్చింది.

నా ఫోటో. ఏసయ్యా! నల్లటి గుట్ట, దాని పగుల్ల కెళ్లి లేస్తున్న తెల్లటి పొగ, ఆ పొగ మీద అడ్డం పడ్డ ఎండ. నేను నిలబడి, నా చేతులతోటి తీసిన ఫోటో అది.

"పోయిన ఏప్రిల్ల కంపెనీ పనిమీద నల్లమల పోయిన" అని మొదలువెట్టిండు మా ఆయన. "ప్రభువు నన్ను ఒక్కన్ని చేసి ఆ రాయి కాడికి నడిపిచ్చిండు. చూడుండ్రి, పొగల సిలువ! నా ఈ చేతులతోటే ఫోటో తీసిన."

హల్లెలూయా అని చర్చంత లేచింది. అత్తమ్మ కొంగుతోటి కండ్లు తుడుసుకుంటుంది. ఇంత పచ్చి అబద్ధం, గంత సాఫీగ! నా పక్కల పండుకునే మనిషేనా ఈయన?

నిజం చెప్పాలంటే, మొదటి అబద్ధం నాది. నేను కాలేజీ లాబ్‌ల అసిస్టెంట్‌ను. మా తన్మయి మేడం ఆరుగురు ఆడోళ్లను అడవిల నడకకు తీస్కపోతానంటే నా పానం కొట్టుకుంది. అంతకు ముందోసారి పిక్నిక్ అని అడిగితే, "పెండ్లయిన ఆడదానికి అడవిల ఏం పని?" అన్నడీయన. అందుకే ఈసారి అడగలే, కర్నూల్ల ట్రైనింగ్ అని చెప్పి పోయిన. రెండ్రోజులు నడిచినం. మడిమెలు పగిలి రక్తమొచ్చింది. దారి చూపే చెంచు పెద్దమనిషి ఎల్లయ్య ఆ గుట్ట ముంగట కూసోవెట్టి, పొద్దు జర వాలేదాక ఆగుమన్నడు. చుక్క నీళ్లు లేవు, రాళ్లు పెనం లెక్క కాల్తున్నయ్. ఉన్నట్టుండి గుట్ట పగుల్ల కెళ్లి పొగ లేచింది. ముఖానికి తగిలితే చల్లగుంది! పది నిమిషాలకు బందైంది. "ఎందుకొస్తదో మా తాతకూ తెల్వదు బిడ్డా, నాకూ తెల్వదు" అన్నడు ఎల్లయ్య. నేనైతే కూలవడి ఏడ్చిన. నా బతుకుల ఎవ్వరికీ వండకుంట, ఎవ్వరికీ జవాబు చెప్పకుంట చూసింది అదొక్కటే.

పదకొండు ఫోటోలు తీసిన. మా ఇంట్ల రోజూ మాపటికి, "ఫోన్ ఇటియ్యి" అంటడు ఈయన. దాచేది లేకుంటే తాళమెందుకంటడు. ఆ భయానికి వచ్చేటప్పుడు బస్సులనే పది తీసేసిన, నా ముఖమున్నవన్ని. ఒక్కదాన్ని తీసెయ్యనీకి చేతులు రాలే. "ఇదెవరు తీసిన్రు?" అని అడిగిండు. "ఏమో, ట్రైనింగ్ గ్రూపుల ఎవరో పెట్టిన్రు" అన్న. ఆయన దాన్ని తన ఫోన్‌కు పంపుకున్నడు. బతికిపోయిన అనుకున్న. ఎవ్వరిది గాని ఫోటో అని నేనే చేతుల వెట్టినట్టైంది.

ఇప్పుడు లేచి చెప్తే నా అబద్ధం బయటపడ్తది. ఇకమీద కాలేజీకి గూడ వంద ప్రశ్నలు వేసి పంపుతరు. ఊకుంటే, ఆ రాయి ఈయనదైపోతది. నేను పోయినట్టే ఉండదు.

"ఇంకెవరన్న సాక్ష్యం చెప్తరా?" అన్నరు పాస్టర్‌గారు, కుడిదిక్కు చూస్కుంటనే.

లేచిన. మైకు అవసరం పడలే. లాబ్‌ల నలభై మంది పిల్లలకు వినవడేటట్టు ఒర్రే గొంతు నాది.

"వందనాలు. ఆ ఫోటో తీసింది నేను. ట్రైనింగ్ అని ఇంట్ల అబద్ధమాడి, అడవికి నడిచిపోయి తీసిన. అది సిలువ గాదు పాస్టర్‌గారు, పొగ మీద ఎండ పడ్డది. ఆ పొగ ఏందో నాకూ తెల్వదు. ఈయనకు అసలే తెల్వదు. ఆ రెండ్రోజులు ఈయన ఇంట్లనే ఉండి, ఉప్పుడబ్బా ఏడుందని నాకు ఫోన్ల మీద ఫోన్లు చేసిండు."

చాపల మీద ఎవరో కిసుక్కున నవ్విన్రు. అత్తమ్మ నా చీర గుంజింది. "కూసో బిడ్డా, ఇజ్జత్ పోతది."

"సహోదరీ, ఇవి ఇంటికాడ మాట్లాడుకునేటివి" అన్నరు పాస్టర్‌గారు.

డానియేలు ముఖం నల్లగైంది. మైకు ఇంక ఆయన చేతులనే ఉంది. "అంటే నాకు అబద్ధం చెప్పి పోయినవా?" అన్నడు. ఆ మాట స్పీకర్లల్ల మోగింది.

"అవ్. అడిగితే పంపవని చెప్పి పోయిన. ఇప్పుడు అందరు వింటుండంగ చెప్తున్న, వచ్చే నెల మళ్ల పోతున్న."