వెనిస్ నీళ్లు

మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి తిమ్మప్ప పడవను వెనకనుంచి తోస్తున్నాడు. చారల బనియను చెమటకు వీపునంటుకుపోయింది. గడ్డి టోపీకి కట్టిన రిబ్బను మాటిమాటికీ కంట్లో పడుతోంది. రెండు పక్కలా వెనిస్ నగరం. ఇనపచట్రాల మీద ప్లాస్టరు పూసిన మేడలు, వంపు కిటికీలు, ఎప్పటికీ తెరుచుకోని తలుపులు. ఈ వంతెన కట్టి నాలుగు వందల ఏళ్లు దాటిందని స్పీకరులో ఒక ఆడగొంతు చెబుతోంది. పోయిన నెల దాని కర్రలు మోసింది తిమ్మప్పే.

"తాతా, ఈ కాలవ యాడికి పోతాది?" అంది పడవలోని కాలేజీ పిల్ల.

"యాడికీ పోదు తల్లీ. ఈడ బయల్దేరి ఈడికే వస్తాది. మన జిల్లాకు తెస్తామనే నీళ్ల మాదిరి."

పిల్లలు నవ్వారు. తిమ్మప్ప నవ్వలేదు. అతని కళ్లు ఎగ్జిబిషను గేటు మీదే ఉన్నాయి. భార్య చెన్నమ్మ ఏ క్షణానైనా రావచ్చు.

అనంతపురంలో ఇదే ఆఖరి రోజు. రేపు వెనిస్‌ను విప్పి లారీల కెక్కించి బళ్లారికి తీసుకుపోతారు. కాలవ నీళ్లు మురుగులోకి వదలకుండా తనకిమ్మని తిమ్మప్ప వారం కిందట మేనేజరు ప్రతాప్‌ను అడిగాడు. ట్యాంకరు నువ్వే తెచ్చుకుంటే పట్టుకుపొమ్మన్నాడు ప్రతాప్. పామిడి పక్కన ఊళ్లో తిమ్మప్పకు చీనీతోట, అంటే బత్తాయితోట, ఉంది. బోరు ఎండిపోయింది. ఆకులు ముడుచుకుని, వేలితో నలిపితే పొడి అవుతున్నాయి. వానల దాకా ఒక్క తడి ఇస్తే చెట్లు బతుకుతాయి. చెట్లు బతికితే చెన్నమ్మ బెంగళూరుకు సిమెంటు మోయడానికి పోనక్కర్లేదు. కూలీల మేస్త్రి ఆమె పేరు రాసుకుపోయాడు కూడా. ఆఖరి రోజు దాకా ఆగమని తిమ్మప్ప బతిమాలుకున్నాడు. ఆగింది. ఈ సాయంత్రం నీళ్లు కళ్లతో చూసుకుని, సంచితో ఊరికైనా పోతుంది, బెంగళూరు బస్సైనా ఎక్కుతుంది.

అందుకోసం తిమ్మప్ప ఒక పని చేశాడు. కాలవలో రోజూ పొద్దున్నే బ్లీచింగు పొడి చల్లడం అతని పనే. మేనేజరు మాటిచ్చిన రోజునుంచి ఆ పొడిని గుడారం వెనక గుంటలో పోసి మన్ను కప్పుతున్నాడు. ఆ మందు వేరుకు తగిలితే చెట్టు చస్తుందని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నీళ్లు నాచుపట్టి పచ్చబడ్డాయి. చూడవచ్చినవాళ్లు ముక్కులు మూసుకున్నారు. తిమ్మప్పకు మాత్రం ఆ వాసన బాగుండేది. చిన్నప్పుడు ఈత కొట్టిన దిగుడుబావి వాసన.

ఇవాళ మధ్యాహ్నం ట్యాంకరువాడితో మాట్లాడి వచ్చి నీళ్లలోకి దిగాడు. దిగినప్పటినుంచీ కాళ్ల పగుళ్లు మండుతున్నాయి. కళ్లలో నీరు కారుతోంది. చెమట అనుకున్నాడు. అనుకోవాలని అనుకున్నాడు. కానీ కింద పరిచిన నీలం పట్టా ఇప్పుడు స్పష్టంగా కనబడుతోంది. పిల్లల్ని దింపేసి, కాలవ నీళ్లు తిప్పే మోటారు దగ్గరున్న ఐజాక్‌ను పట్టుకున్నాడు.

"ఏం జేసినారప్పా నీళ్లను?"

ఐజాక్ తల ఎత్తలేదు. "సారే నిలబడి పోయించినాడు. బ్లీచింగు మూట మూటంతా. ఆఖరి దినం, పెద్దోళ్ల కుటుంబాలు వస్తాండారంట. కంపు కొడితే ఊరుకుంటారా? నువ్వు రోజూ చల్లింటే ఒక గిన్నెతో పోయేది గదన్నా."

తిమ్మప్ప ప్రతాప్ దగ్గరికి పరిగెత్తాడు. నోరు తెరిచేలోపే ప్రతాప్ అన్నాడు: "నీళ్లు నీవే తిమ్మప్పా. నేను మాట తప్పే మనిషిని కాను. రేపు పొద్దున పట్టుకుపో."

తిరిగి వచ్చేసరికి చెన్నమ్మ పడవల రేవులో నిలబడి ఉంది. భుజాన సంచి. అతన్ని టోపీనుంచి పాదాల దాకా చూసింది.

"ఏమప్పా ఈ వేషం? కోతుల్ని ఆడించేటోని మాదిరి ఉండావ్."

"పడవెక్కు మే."

"నాకెందుకు? నీళ్లు జూపీ, సాలు."

"ఎక్కితే కనపడతాయి. కూకో."

కూర్చుంది. తిమ్మప్ప తోశాడు. ఒకసారి గబగబా తోస్తాడు, మళ్లీ ఆగిపోతాడు. ఇది గంటల గోపురం అన్నాడు. ఇది రాజుగారి మేడ అన్నాడు. ఆమె ఏ మేడనూ చూడలేదు. నీళ్లనే చూస్తోంది.

"శానా ఉండాయప్పా," అంది మెల్లగా. ఆమె ముఖంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్లయిందో.

వంతెన కిందికి వచ్చాక చెన్నమ్మ సంచిలోంచి పచ్చటి రవికెగుడ్డ తీసింది. కొత్తది, మడత విప్పనిది. వాళ్ల ఊళ్లో వాగూ వంకా పారితే గంగమ్మకు రవికెగుడ్డ ఇవ్వకుండా ఎవరూ నీళ్లు ముట్టుకోరు. అంటే ఆమె ఉండిపోదామనే వచ్చింది. ఆమె గుడ్డను నీళ్లలో విడిచి, పొట్లం విప్పి దాని పక్కన పసుపు వేసింది. పసుపు ఎర్రగా తిరిగింది, సున్నం కలిపిన దిష్టినీళ్లలాగా. దోసిట్లో నీళ్లు తీసి కళ్లకద్దుకోబోయి ఆగింది. వాసన చూసింది. దోసిలి విడిచేసింది.

"ఇవి చెట్లకు పనికిరావు."

"రావు."

"నీకెప్పుడు తెలిసె?"

"ఇప్పుడే. నువ్వు వచ్చేకి ముందర."

"మరి నన్ను యాలకు తిప్పుతాండావ్?"

"సుట్టు ఐపోతే దిగిపోతావు గదా."

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత, "ఇంగ దింపప్పా. మేస్త్రి గేటు కాడ ఉండాడు," అంది.

దింపాడు. సంచి అందించాడు. "కాళ్లకు కొబ్బరినూనె రాసుకో," అని చెప్పి, ప్లాస్టరు మేడల మధ్యనుంచి నడిచి, గంటల గోపురం దాటి, జనంలో కలిసిపోయింది. అతను వెంట పోలేదు. పడవలో అప్పుడే ఎవరిదో కుటుంబం ఎక్కి కూర్చుని, కదలదేమయ్యా అని అరుస్తోంది. తోశాడు.

వంతెన కింద, మోటారు నీళ్లు పీల్చే జాలీకి రవికెగుడ్డ అంటుకుని ఉంది. అంచులనుంచి మొదలుపెట్టి మచ్చలు మచ్చలుగా పచ్చరంగు వదిలి తెల్లబడుతోంది.