ట్రయల్ రోజు కూలి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు. ఆ రోజు దానికి మంచి పని పడింది.

గుంటూరు శివార్లలోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కాటా గుమస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. మేనేజరు శశిభూషణ్ గారు సర్టిఫికెట్లు చూడనేలేదు. "పని చూస్తేగానీ తెలియదమ్మా స్తుతీ. ఇవాళ ట్రయల్," అని అక్కడున్న రెండు కాటాల్లో ఒకదాని దగ్గర కూర్చోబెట్టారు. రెండోది మనిషి లేక ఖాళీగా ఉంది. రైతులు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాటా ఎక్కుతుంటే, తూకం చూసి స్లిప్పులు రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆ ఘాటుకి తుమ్ముతూ, మధ్యాహ్నం అన్నం కూడా నిలబడే తిన్నాను. ఉద్యోగం మీద ఆశ అలాంటిది.

సాయంత్రం ఆయన "ఫోన్ చేస్తాంలే" అన్నారు. ఫోన్ రాలేదని అడగడానికొచ్చి, గేటు దగ్గర ముబీన్ అనే అమ్మాయి నిలబడి ఉంది. నిన్న అదే కుర్చీలో తను కూర్చుందట, తనకీ అదే మాట చెప్పారట. రోజుకో అమ్మాయితో సీజన్ గట్టెక్కిస్తున్నారన్నమాట! నాకు ఒళ్లు మండిపోయింది. ముబీన్ చెయ్యి పట్టుకుని వెనక్కి నడిచాను.

"సార్, మా ఇద్దరికీ కూలి ఇవ్వండి."

"ఇంటర్వ్యూకి కూలేంటమ్మా?"

"ఇంటర్వ్యూ అయితే పాత స్లిప్పులిచ్చి రాయించి చూసేవాళ్లు. మీరు నిజం సరుకు తూయించుకున్నారు. పని చేయించుకున్నాక కనీస వేతనం ఇవ్వాల్సిందే. ట్రయల్ అని పేరు పెడితే చట్టం ఊరుకోదు. రేపు లేబర్ ఆఫీసులో ఇదే చెప్తా."

"చెప్పుకో పో," అని నవ్వారు.

పక్కనే లారీ దింపిస్తున్న హమాలీల ముఠా మేస్త్రి ఖాదర్ వలి ఇదంతా విన్నాడు. "ఒరేయ్, ఆపండ్రా!" అని కేకేశాడు. దించుతున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"మా ముఠాలోకి కొత్తోడొస్తే మేమూ ఒకరోజు మోయించి చూస్తామండీ. పనికిరాకపోయినా సరే, పొద్దుగూకేసరికి వాడి వాటా వాడి చేతిలో పెట్టే పంపిస్తాం. అది మా కట్టుబాటు. పని చేసినోళ్లని ఉత్త చేతుల్తో పంపే చోట మేం టిక్కీ దించం."

పడమట మబ్బు కమ్ముకొస్తోంది. లారీ మీద సరుకు తడిస్తే బూజే. శశిభూషణ్ గారు మబ్బు వంక చూశారు, ఖాదర్ వలి వంక చూశారు, చివరికి జేబులో చెయ్యి పెట్టారు. ఇద్దరికీ ఇచ్చి, "రేపట్నుంచి ఉద్యోగానికి రా తల్లీ," అన్నారు నాతో.

"అపాయింట్‌మెంట్ ఆర్డరు ఇవ్వండి, వస్తా. రెండో కాటాకి మనిషి లేరుగా, ముబీన్‌కి కూడా ఇవ్వండి."

ఆయన తలూపారు. నాకు గంతులేయాలనిపించింది.

"ఇద్దరికీ అందిందా అమ్మా?" అని అడిగాడు ఖాదర్ వలి.

నేను నోరు తెరిచేలోపే, అప్పటిదాకా నా వెనకే నిలబడ్డ ముబీన్ గేటు అవతలికి కూడా వినపడేట్టు అరిచింది.

"అందింది చాచా! దించండి!"