ఎలుకవాళ్ళ పిల్ల

చొయిజిల్ ముసలాయన మనవడికి పిల్లనడగడానికి గొంచిగ్ గుడారానికి వచ్చాడు. నశ్యపు బుడ్లు చేతులు మారాయి, ఉప్పుటీ తాగడం అయింది. సంబంధం ఖాయం చేయడానికి తెచ్చిన నీలిపట్టు కండువా విప్పబోతూ ఆగాడు.

"ఇంతకీ మీ ఇంటిపేరేంటి గొంచిగ్?"

"బొర్జిగిన్ అండీ," అన్నాడు గొంచిగ్ ఛాతీ విరుచుకుని.

ముసలాయన కండువా మడిచి మళ్ళీ అంగీలో పెట్టుకున్నాడు. "మాదీ అదే. ఒకే ఎముకలో, ఒకే వంశంలో పెళ్ళేంటయ్యా? తొమ్మిది తరాలు దాటితే గానీ పనికిరాదు."

మనవడు బిల్గూన్ తలవంచుకుని తాత వెనకే గుర్రమెక్కాడు. గొంచిగ్ కూతురు సొలొంగొ బొక్కెన తీసుకుని మేకల దగ్గరకి పోయింది. పాలు పితుకుతూ ఒక్కసారైనా గుడారం వైపు తిరగలేదు. గొంచిగ్ గుమ్మంలో నిలబడి కూతురి వీపు చూశాడు.

ఆ ఇంటిపేరు అతనికి ఎవరూ ఇచ్చింది కాదు. డెబ్భై ఏళ్ళు ఇంటిపేర్లు పలకనివ్వని ప్రభుత్వం పోయి, కొత్తది వచ్చి, అందరూ తలా ఒకటి రాయించుకోమంది. ఎవరికి గుర్తుంది? వరసలో ముందున్నవాడు బొర్జిగిన్ అని చెంఘిజ్‌ఖాన్ వంశం పేరు చెప్పాడు. వెనకవాడూ అదే గొణుక్కుంటున్నాడు. గొంచిగ్ మాత్రం తక్కువ తిన్నాడా? ఇప్పుడా చుట్టుపక్కల రాయి విసిరితే బొర్జిగిన్‌కే తగులుతుంది.

"ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు," అంది భార్య చెవెల్. "గొప్పకి పోయి పిల్ల గొంతు కోశావు. పో, మీ మేనత్తనడుగు."

మేనత్త దెజిద్‌కి ఎనభై దాటాయి. విని పకపకా నవ్వింది.

"ఇన్నేళ్ళకి అడిగావురా! మనం బొర్జిగిన్ ఏంటి నా మొహం. ఎలుకవాళ్ళం."

"ఏ వాళ్ళం?"

"ఎలుక. చెవుడా? ఒక చలికాలం మందంతా చచ్చిపోతే, మన ముత్తాతల్లో ఒకడు ఎలుకలు బొరియల్లో దాచుకున్న దుంపలు తవ్వి పిల్లల్ని బతికించాడు. వాటికి సగం వదిలేసేవాడట. ఊరు ఎగతాళిగా పెట్టిన పేరది. మా నాన్న సర్కారుకి భయపడి నోరు మూసుకున్నాడు గానీ, సిగ్గుపడి కాదు."

గొంచిగ్ దారిపొడుగునా ఆ మాట నమిలాడు. నలుగురిలో ఎలుకనని ఎలా చెప్పుకోవడం? కానీ బొక్కెన ముందు వంగిన ఆ వీపు కళ్ళలోంచి పోలేదు. మర్నాడు మేనత్తని మోటారుసైకిల్ మీద కూర్చోబెట్టుకుని చొయిజిల్ గుడారానికి పోయాడు.

అక్కడ చుట్టాలు నిండుగా ఉన్నారు. చెవులు కాలిపోతుండగా చెప్పేశాడు. "నేను రాయించుకున్నది అబద్ధం పెద్దాయనా. మేం ఎలుకవాళ్ళం."

గుడారం గొల్లుమంది. బిల్గూన్ పిన్ని కళ్ళు తుడుచుకుంటూ, "ఐతే కోడలికి కట్నంగా జున్ను పెట్టాలి కాబోలు!" అంది.

"మీ పెరుగుగడ్డలు చూశాం లేవే, ఎలుకలు కూడా ముట్టవు," అంది దెజిద్.

చొయిజిల్ నవ్వలేదు. గొంచిగ్ మొహంలోకి చూశాడు.

"పెళ్ళి కోసం కొత్త అబద్ధం కాదు కదా?"

"కాదండీ."

"కాదులే. బొర్జిగిన్‌నని బొంకేవాళ్ళని వందమందిని చూశాను. ఎలుకనని బొంకేవాణ్ణి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు." అంగీలోంచి కండువా తీసి రెండు చేతులా అందించాడు. తర్వాత గొంతు తగ్గించి, "మేం నిజానికి ఏమిటో నాకూ తెలీదయ్యా," అన్నాడు.

ఆకురాలు కాలంలో పెళ్ళయింది. ఆడపడుచులు ఎలుకపిల్లా అని పిలిస్తే, సొలొంగొ జున్ను ముక్క ఎక్కడ దాచారని అడిగి నవ్వించేది. గొంచిగ్ పట్నం వెళ్ళి ఇంటిపేరు మార్పించుకున్నాడు. రాసుకునే అమ్మాయి రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ గట్టిగానే చెప్పాడు.

ఆ చలికాలం, పొరుగు గుడారం పెద్దమనిషి ఒకడు చాటుగా దెజిద్ దగ్గర చేరాడు.

"అత్తా, మేం అసలు ఏ వాళ్ళమో నీకేమైనా గుర్తుందా?"

"ఉంది," అంది ముసలమ్మ టీ ఊదుకుంటూ. "చెప్తే ఏడుస్తావు. కూర్చో."