ఎడమ పక్క గొంతు

ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనే పిలుస్తారు. కారు తీసుకుని ఎవరొచ్చినా "ముందు స్టార్ట్ చెయ్యండి" అంటాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడతాడు. తర్వాత రోగమేమిటో చెబుతాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట తప్పింది రెండే రెండుసార్లు. అందులో ఒకటి తన తప్పు కాదని ఇప్పటికీ వాదిస్తాడు. షెడ్డు బోర్డు రాసిన పెయింటరు, కింద చోటు మిగిలిపోయిందని ఇంత పెద్ద చెవి బొమ్మ వేసి వెళ్ళాడు. అది ఎడమ చెవి. సరిగ్గా ఆ చెవే రెండేళ్ళుగా మేస్త్రికి పనిచేయడం లేదు.

జ్వరం వచ్చి తగ్గింది. చెవిలో నాలుగు రోజులు ఎవరో ఈల వేస్తున్నట్టు వినిపించింది. ఒక పొద్దున్న ఆ ఈల ఆగిపోయింది, దాంతోపాటే మిగతా చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. ఆయనకు ఆ సంగతి వెంటనే తెలియలేదు. ఎడమ చెవికి ఫోను పెట్టుకుంటే అవతలి మాట రాకపోయేసరికి ఫోను చెడిందనుకుని కొత్తది కొన్నాడు. కొత్తదీ పలకలేదు. దాన్ని తయారుచేసినవాడిని తిట్టుకుంటూ కుడి చెవికి మార్చాడు, అప్పుడు తెలిసింది. షెడ్డుకు సామాను తేవాలని ఇంట్లో అబద్ధం చెప్పి ఒక్కడే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. లోపలి నరం దెబ్బతింది, ఇక తిరిగి రాదు, కుడి చెవి మాత్రం నిక్షేపంలా ఉంది అని చెప్పి పంపించాడు డాక్టరు.

మేస్త్రి ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు. స్క్రూడ్రైవర్ పిడి ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటాడు కాబట్టి పనికి వీసమెత్తు లోటు రాలేదు. కానీ లోకం అంత ఓపిగ్గా వింటుందా? చెవి పేరు చెప్పుకుని బతికేవాడికి చెవుడొచ్చిందట అంటే చాలు, నవ్వుకోవడానికి నలుగురూ, వేరే షెడ్డు వెతుక్కోవడానికి మరో నలుగురూ తయారు. షెడ్డులో సగం వాటా బావమరిదిది. వాడు మంచివాడే, అందుకే మరీ భయం. "బావా, నువ్వు కూర్చో, మేం చూసుకుంటాం" అని గుమ్మం దగ్గర కుర్చీ వేస్తాడు. ఆ కుర్చీ తలుచుకుంటేనే మేస్త్రికి ముద్ద దిగేది కాదు.

అందుకని రెండేళ్ళుగా పడరాని పాట్లు పడుతున్నాడు. ఎక్కడ కూర్చున్నా ఎడమ పక్క గోడ ఉండేట్టు చూసుకుంటాడు. మాట అందకపోతే "ఇంజను మోతలో వినపడలేదు, మళ్ళీ చెప్పండి" అంటాడు. ఇంజను ఆపి గంటయినా సరే, అదే మాట. ఇదివరకు భార్య సాధింపులు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాడు. ఇప్పుడు ఆ దారీ మూసుకుపోవడంతో విన్నదంతా లోపలే ఉండిపోతోంది.

ఇంతటి కష్టం చాలదన్నట్టు, ఇంటివాళ్ళ పద్ధతులు కూడా మారిపోయాయి. బావమరిది ఇదివరకు షెడ్డు ఆ మూల నుంచి "బావా" అని ఒక్క కేక వేసేవాడు. ఇప్పుడు దగ్గరికొచ్చి భుజం తట్టి మాట్లాడుతున్నాడు. పెద్దంతరం చిన్నంతరం లేకుండా ఈ తట్టడమేమిటని మేస్త్రికి లోపల మంట. భార్య సంగతి ఇంకో రకం. ఇరవై ఎనిమిదేళ్ళు మంచానికి ఎడమ పక్కన పడుకున్న మనిషి, ఏడాదిన్నర కిందట "అటు గాలి రావట్లేదు" అంటూ కుడి పక్క ఆక్రమించుకుంది. అన్నం బల్ల దగ్గరా అంతే. బస్సులో కిటికీ సీటంటే ఆయనకు ఇష్టమని తెలిసి కూడా, కిటికీ కుడి పక్కన వస్తే తనే వెళ్ళి కూర్చునేది. వయసు పైబడితే ఆడవాళ్ళకు పంతం పెరుగుతుందని మేస్త్రి తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఆయనకు అరవై నిండాయి. షెడ్డులో వాళ్ళంతా కలిసి ఏదైనా ఇవ్వాలనుకున్నారు. బావమరిదే తేల్చేశాడు: "బావకి పాటలంటే ప్రాణం. ఆ పాత రేడియో పోయాక మళ్ళీ పాట విన్నదే లేదు. చెవిలో పెట్టుకుని వినే మంచి ప్లేయరొకటి కొందాం. ఎలాంటిది కావాలో ఆయనే చూసి ఎంచుకోవాలి." ఆ మాట వినగానే మేస్త్రికి పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది. రేడియో అయితే ఒకటే నోరు, ఒక చెవితో విన్నా పాటంతా వచ్చేది. ఇవి రెండు చెవులకు రెండు. మూడు వారాలు ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాడు. ఒకరోజు నడుంనొప్పన్నాడు, ఒకరోజు దుకాణం మూసి ఉంటుందన్నాడు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టున్నాయి ఆ సాకులు. నాలుగో వారం షెడ్డు సెలవు రోజున భార్య చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది, ఇక తప్పలేదు.

దుకాణం చిన్నదే అయినా గాజు బల్ల కింద ప్లేయర్లు వరసగా పేర్చి ఉన్నాయి. బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి నాలుగు రకాలు బయటికి తీసింది. ఒకటి బొటనవేలంత, తెర లేదు, చొక్కాకి తగిలించుకునేది. ఒకటి అరచేతిలో పట్టేంత, అద్దపు తెర, లోపల బోలెడన్ని అమరికలు. మూడోదానికి తీగ లేదు, చెవిలో పెట్టుకునే గుండ్లలోనే పాటలుంటాయట. నాలుగోది ఇటుకంత స్పీకరు పెట్టె.

మేస్త్రి చెయ్యి నేరుగా ఇటుక మీదికి వెళ్ళింది. "ఇది బాగుంది. ఇది ఇచ్చెయ్యమ్మా."

"పొద్దున్నే నడకకి వెళ్ళేటప్పుడు వీధంతా మోగించుకుంటూ పోతారా?" అంది భార్య. "కుక్కలు వెంటపడతాయి. ముందు ఆ చిన్నది చూడండి."

సరే, ఏమవుతుంది, రెండూ చెవుల్లో పెట్టుకుని తలాడించి బాగుందనేస్తే పని అయిపోతుంది అనుకున్నాడు. అమ్మాయి పాత పాటలేవి ఇష్టమని అడిగింది. భార్యే ఒక పాట చెప్పింది, పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ అది రేడియోలో వచ్చేదాకా కాచుకుని వినేవాళ్ళు. బొటనవేలంత దానిలో పాట మొదలైంది. వయొలిన్లు వచ్చాయి, వేణువు వచ్చింది, తబలా అందుకుంది. పల్లవి దగ్గరికి వచ్చింది. గొంతు రాలేదు. వాద్యాలు మాత్రం ఎవరి కోసమో చోటు వదిలి ఎదురుచూస్తున్నట్టు సాగిపోతున్నాయి.

అప్పుడు తలాడిస్తే సరిపోయేది. కానీ రోగమున్న యంత్రాన్ని బాగుందనడం ముప్ఫై ఏళ్ళలో ఆయనకు అలవాటు లేని పని.

"ఇది చెడిపోయిందమ్మా. గొంతు రావట్లేదు."

అమ్మాయి కంగారుపడి రెండోది ఇచ్చింది, అదే పాట పెట్టింది. మళ్ళీ వయొలిన్లు, వేణువు, తబలా. "దీనికీ అదే జబ్బు" అన్నాడు మేస్త్రి. మూడోదాని గుండ్లు చెవుల్లో కుక్కుకుని కళ్ళు మూసుకున్నాడు. ఈసారి ఆయన ముఖంలో షెడ్డులో కనిపించే ధీమా వచ్చేసింది. "చూడమ్మా, మూడింటికీ గొంతు పోయింది. నీకు సరుకు పంపినవాడు మోసం చేశాడు. మొత్తం వాపసు పంపించెయ్. యంత్రాల సంగతి నాకు తెలుసు, విని చెబుతున్నాను."

అమ్మాయి రెండో ప్లేయరు తీగ తన చెవుల్లో పెట్టుకుంది. పల్లవి, ఒక చరణం విని తీసేసింది.

"గొంతు బాగానే వస్తోంది సార్. ఇది చాలా పాత రికార్డింగు. అప్పట్లో కొన్ని పాటల్ని ఇలాగే చేసేవారు, పాడేవాళ్ళ గొంతంతా ఎడమ పక్క, వాద్యాలన్నీ కుడి పక్క." ఇంకేదో అనబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

అందరికీ శకునాలు చెప్పే బల్లి తాను కుడితిలో పడ్డట్టు, ఊళ్ళో బళ్ళన్నిటికీ రోగం చెప్పే మనిషి నలుగురు తిరిగే దుకాణంలో నిలబడి, గట్టిగా, మూడుసార్లు, తన రోగం తానే చెప్పుకున్నాడు. భార్య వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

భార్య ముందుకొచ్చింది. అమ్మాయి చేతిలోంచి తీగ తీసుకుంది, ఎడమది ఏదో చూసింది, ఆయన కుడి చెవిలో పెట్టింది. పాట మొదటికి తిప్పమంది.

ఈసారి వయొలిన్లు లేవు, తబలా లేదు. కాసేపు ఏమీ లేదు. తర్వాత గొంతు వచ్చింది, ఒంటరిగా, పక్కన కూర్చుని పాడుతున్నంత దగ్గరగా. పాడే ముందు తీసుకున్న ఊపిరి కూడా వినిపించింది. మేస్త్రి కళ్ళు తడిశాయి. పాట కోసమో, పరువు కోసమో ఆయనకే తెలియలేదు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు పాట అయ్యాక.

"మంచానికి నేను పక్క మారినప్పుడు" అంది. "అంతకుముందు ఆర్నెల్లు, పడుకున్నాక నేను చెప్పిందేదీ మీకు ఎక్కట్లేదని మనసు కష్టపెట్టుకున్నాను. ఒకరోజు మీరు నా వైపు తిరిగి పడుకుని ఉన్నారు, మెల్లిగా అన్న మాటకి కూడా బదులిచ్చారు. అప్పుడు అర్థమైంది."

"మరి గాలి రావట్లేదన్నావు?"

"మీరు ఇంజను మోత అనలేదా?"

మేస్త్రికి నవ్వొచ్చింది, కానీ అసలు భయం ఇంకా గుండెల్లో ఉంది. గొంతు తగ్గించి అడిగాడు. "మీ తమ్ముడికి చెప్పావా?"

"నేను చెప్పబోతే వాడే నాకు చెప్పాడు. కేకేస్తే మీకు వినపడట్లేదని, దగ్గరికెళ్ళి తట్టి పిలుస్తున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందట. రెండేళ్ళు తాగారు మీరు."

"కుర్చీ వేస్తాడేమో అనుకున్నాను" అన్నాడు మేస్త్రి.

"ఏం కుర్చీ?"

ఆయన చెప్పాడు. గుమ్మం దగ్గరి కుర్చీ గురించి, డాక్టరు గురించి, అనవసరంగా కొన్న ఫోను గురించి. దుకాణంలో ఉన్నామన్న సంగతే మరిచిపోయి అంతా చెప్పాడు. అమ్మాయి మర్యాదగా అటు తిరిగి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తోంది. అంతా విని భార్య, "ఇంజనుకి ఎన్ని చెవులు పెడతారు మీరు?" అంది.

"ఒకటే."

"ఆ ఒకటీ ఉందిగా. మీకు కుర్చీ వేసే ధైర్యం వాడికెక్కడిది? గేర్‌బాక్సు విప్పాలంటే ఇప్పటికీ మీరొచ్చేదాకా ముట్టుకోడు."

రెండేళ్ళుగా ఛాతీ మీద కూర్చున్న బరువు అంత తేలిగ్గా దిగిపోతుందని మేస్త్రి అనుకోలేదు. తర్వాత అమ్మాయిని పిలిచి, రెండేళ్ళలో మొదటిసారి, ఉన్నదున్నట్టు అడిగాడు. "నాకు ఎడమ చెవి వినపడదమ్మా. రెండు పక్కలదీ కలిపి ఒకే చెవికి పంపేది వీటిలో ఏదైనా ఉందా?"

అమ్మాయి ముఖం విప్పారింది. బొటనవేలంత దానిలో ఆ సదుపాయం లేదంది. తెర ఉన్న రెండోదానిలో అమరికల్లో ఎక్కడో ఉందని, వెతికి నొక్కి చూపించింది. మళ్ళీ అదే పాట. ఈసారి వయొలిన్లు వచ్చాయి, వేణువు వచ్చింది, తబలా అందుకుంది, అవి చోటు వదిలిన దగ్గర సరిగ్గా గొంతు వచ్చి చేరింది. మేస్త్రి కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. "ఇది మంచి కండిషన్లో ఉంది" అన్నాడు.

"తీగ లేని గుండ్లు కూడా దీనికి పెట్టుకోవచ్చు సార్" అంది అమ్మాయి.

"వద్దు. తీగదే ఇవ్వు."

ఎందుకో బస్టాపులో తెలిసింది. బల్ల మీద భార్య అలవాటుగా ఆయనకు కుడి పక్కన కూర్చుంది. మేస్త్రి కుడి గుండు తన కుడి చెవిలో పెట్టుకుని, తనకు అక్కరలేని ఎడమ గుండు ఆమె ఎడమ చెవికి అందించాడు. తీగ పొట్టిది, ఆమె ఇంకొంచెం దగ్గరికి జరగాల్సి వచ్చింది. రెండు బస్సులు వచ్చి వెళ్ళిపోయాయి. ఆ రెండూ వాళ్ళు ఎక్కాల్సినవే.

మర్నాడు పొద్దున్న షెడ్డులో ఒక పెద్దమనిషి ఎడమ పక్కన నిలబడి చాలాసేపటి నుంచి ఏదో చెబుతున్నట్టున్నాడు. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ తలతిప్పి చూసేసరికి ఆయన పెదవులు కదులుతున్నాయి. ఇంజను మోత అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దూరంగా బావమరిది పని ఆపి ఇటే చూస్తున్నాడు.

"ఇటు పక్కకి వచ్చి చెప్పండి" అన్నాడు మేస్త్రి. "ఆ చెవి నాకు వినపడదు."

పెద్దమనిషి "ఓహో" అని, బండి చుట్టూ తిరిగి, కుడి పక్కకు వచ్చి నిలబడ్డాడు. "అదే అంటున్నా, గేరు మార్చినప్పుడల్లా కిర్రుమంటోంది మేస్త్రీ. పోయిన వారం నుంచీ ఇదే గోల. మీరొకసారి విని చెప్పండి."

మేస్త్రి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "ముందు స్టార్ట్ చెయ్యండి" అన్నాడు.