ముఖం చిట్లించిన లక్ష్మి

మీ గుమ్మం మీదున్న లక్ష్మీదేవి ముక్కు ఎవరిదో ఎప్పుడైనా చూశారా? అమెరికాలో బాతెల్‌లోనో, ట్రాయ్‌లోనో, పిస్కాటవేలోనో ఎవరి గృహప్రవేశానికో వెళ్ళి, పులిహోర తిని, వచ్చేటప్పుడు రిటర్న్ గిఫ్ట్ సంచిలో తెచ్చుకున్న తెల్లరాతి పలక మాటే అడుగుతున్నాను. రోజూ దానికి దండం పెట్టే ఆఫీసుకి వెళ్తారు కదా! ముక్కు కొస కాస్త పైకి లేచి ఉంటుంది. ఎడమ కనుబొమ్మ మధ్యలో సన్నటి గాటు ఉంటుంది. ఆ ముక్కూ ఆ గాటూ అవని అనే అమ్మాయివి.

బాతెల్ నుంచి కొండలు దాటి తూర్పుకి నాలుగు గంటలు డ్రైవ్ చేస్తే ఆ పలకలు పుట్టే ఊట వస్తుంది. పొద్దున్న ఆరింటికి అవని రబ్బరు బూట్లు తొడుక్కుని షెడ్డులోకి వెళ్తుంది. కొండలోంచి వచ్చిన నీళ్ళు ముందు గులకరాళ్ళ తొట్టిలో తుప్పంతా వదిలేసి, చెక్క నిచ్చెనల మీద మెట్టు మెట్టుగా కారుతుంటాయి. ప్రతి మెట్టు మీదా రబ్బరు అచ్చులు ఆనించి ఉంటాయి. నీళ్ళలోని సున్నం వాటిలో పేరుకుని రాయవుతుంది. నెలంతా కారినా గోరుమందం పెరగదు. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి ప్రతి అచ్చునీ కాస్త కాస్త తిప్పాలి. తిప్పకపోతే రాయి ఒకవైపే పేరుకుని, రెండోవైపు బోలుగా మిగిలిపోతుంది. అలాంటివి నాలుగు వందల అచ్చులు. ఏడాది తర్వాత రబ్బరు ఒలిస్తే లోపల లక్ష్మీదేవి ఉంటుంది.

"ఇల్లు చూడ్డం మొదలుపెట్టక ముందే గిఫ్టులు బుక్ చేసుకోండి వదినగారూ, లోన్ వస్తుంది గానీ లక్ష్మి రాదు" అంటుంది అవని తల్లి జ్ఞానప్రసూన, కస్టమర్లతో ఫోన్లో.

అచ్చుని ఎవరు తిప్పితే రాయికి వాళ్ళ ముఖం వస్తుంది. ఆ నీటి తీరే అంత. పదకొండేళ్ళ కిందట అవని తండ్రి మల్లికార్జునరావు ఉద్యోగం పోయి, సాఫ్ట్‌వేర్ మీద విరక్తి పుట్టి ఈ షెడ్డు కొన్నప్పుడు, అమ్మిన ముసలామె రూత్ ఫ్యూజు పెట్టె ఎక్కడుందో చెప్పినంత మామూలుగా ఆ సంగతీ చెప్పింది. ఆయనా తలూపి, "మరి పార్కింగ్ ఎక్కడ?" అని అడిగాడు.

అప్పుడు అవనికి పన్నెండేళ్ళు. కొడుకు తేజేశ్వర్‌కి పదహారు. "వాడికి ఎస్‌ఏటీ పరీక్ష ఉందమ్మా, డిస్టర్బ్ చేయకు. నువ్వు తిప్పు" అన్నాడు తండ్రి. ఆ ఎస్‌ఏటీ పదకొండేళ్ళయినా అయిపోలేదు. తేజ కాలేజీకి వెళ్ళాడు, ట్రాయ్‌లో కార్ల కంపెనీలో ఇంజినీరయ్యాడు, అవని తిప్పుతూనే ఉంది. స్కూలుకి ముందు తిప్పింది, స్కూలు తర్వాత తిప్పింది, ఆన్‌లైన్‌లో డిగ్రీ చదువుతూ తిప్పింది. సున్నం పట్టి ఆ పిల్ల గోళ్ళు ఎప్పుడూ ముగ్గు వేసి వచ్చినట్టుంటాయి. పలక వెనక మాత్రం ముద్ర: మల్లికార్జునరావు అండ్ సన్.

ఈ ఏడాది ఒక చిక్కొచ్చింది. బాతెల్ నుంచి సుమతి ఆంటీ ఫోన్ చేసింది.

"ప్రసూనా, ఏమనుకోకు. ఈసారి లక్ష్మీదేవి కాస్త కోపంగా ఉందేంటి? మా అత్తగారు గుమ్మంలోంచి రావడం మానేసి గరాజ్‌లోంచి వస్తున్నారు."

మల్లికార్జునరావు పలక చేతిలోకి తీసుకుని చూశాడు. కనుబొమలు ముడిపడి ఉన్నాయి. పెదాలు బిగించి ఉన్నాయి. షెడ్డులోకి వెళ్ళి, "నవ్వుతూ తిప్పమ్మా" అన్నాడు.

"నవ్వడానికి ఏముంది నాన్నా?"

ఎందుకు నవ్వట్లేదో ఆయనకీ తెలుసు. ఊటనీళ్ళ పర్మిట్ ఇన్నాళ్ళూ రూత్ పేరు మీదే నడిచింది. గడువు అయిపోతోంది, కొత్త పేరు రాయాలి, ఏడాదిగా ఇంట్లో అదే మాట. ఆ పేరు ఎవరిదైతే ఊట వాళ్ళది. ఫారంలో అసలు ప్రశ్న ఒక్కటే: గత పదేళ్ళుగా ఈ నీళ్ళని రోజూ వాడుతున్నది ఎవరు? మల్లికార్జునరావు నల్ల ఇంకుతో, అందమైన అక్షరాలతో కొడుకు పేరు రాసి పంపాడు. ఆయన వంశంలో బావి తవ్వినా, బండి కొన్నా కొడుకు పేరే రాశారు. అబద్ధం చెప్తున్నానని ఆయనకి తట్టనే లేదు.

"ఒట్టి పేరేగా తల్లీ! పని ఎలాగూ నువ్వే చేస్తావు."

"ఒట్టి పేరే అయితే నాది రాయొచ్చుగా?"

"కాగితం మీద మగపిల్లాడి పేరుంటే అదొక ధైర్యం."

"ఎవరికి ధైర్యం నాన్నా? నీళ్ళకా?"

ఆయన దగ్గాడు. ఆ ఇంట్లో జవాబు లేని ప్రతి ప్రశ్నకీ ఆ దగ్గే జవాబు.

అవని అన్నకి ఫోన్ చేసింది. "నువ్వెందుకు సైన్ చేశావు అన్నయ్యా?"

"నాన్న ఫారం స్కాన్ చేసి లింక్ పంపారు, చేశాను. టూ మినిట్స్ పని. నాకెందుకే ఆ బురద!" అని నవ్వి, "అన్నట్టు, ఎవరో రిసార్ట్ వాళ్ళు నాకు మెయిల్ చేశారు. హాట్ టబ్‌లు పెడతారట. గుడ్ ఆఫర్. పర్మిట్ రానీ, చూద్దాం" అన్నాడు.

పదకొండేళ్ళు తన చేతుల మీదుగా పారిన నీళ్ళు రేపు ఎవరి వీపులకో స్నానం! అవని ఫోన్ పెట్టేసి షెడ్డులోకి వెళ్ళింది. మూడు వందల తొంభై తొమ్మిది అచ్చులు తిప్పి, చివరి అచ్చు ముందు నిలబడిపోయింది. తిప్పకపోతే ఏమవుతుంది? బోలుగా మిగిలిపోతుంది. ఆ బోలుతనం లక్ష్మిదేనా, తనది కూడానా? పళ్ళు బిగించి దాన్నీ తిప్పింది. కోపంలో కూడా పని చెడగొట్టలేకపోవడమే ఆ పిల్ల దౌర్భాగ్యం.

"అమ్మా, పేరు అన్నయ్యదైతే నేను వెళ్ళిపోతాను. పిస్కాటవేలో జాబ్ ఇంటర్వ్యూ ఉంది" అని చెప్పింది.

ప్రసూన కూర తరుగుతూ తలెత్తలేదు. "వెళ్ళు. కానీ శుక్రవారం నీళ్ళ ఆఫీసు నుంచి ఆవిడెవరో చూడ్డానికి వస్తుందట. ఆ రోజు దాకా ఉండు. పూజ అల్మారా దుమ్ము పట్టింది, నాకు చేతులందవు, కాస్త తుడిచిపెట్టు" అంది.

శుక్రవారానికి తేజని ఫ్లైట్‌లో రప్పించారు. కొత్త బూట్లు వేసుకుని వచ్చి, తడి నేల మీద రెండుసార్లు జారాడు. మిసెస్ హోల్ట్ అనే ఆ అధికారికి అరవై ఏళ్ళుంటాయి. మెడలో కళ్ళజోడు, చేతిలో అట్ట, చెవి వెనక పెన్సిల్.

"పదేళ్ళుగా రోజూ వీటిని తిప్పుతున్నది ఎవరు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"మై సన్" అన్నాడు మల్లికార్జునరావు, తేజని ముందుకి తోస్తూ.

"రోజుకి ఎన్నిసార్లు తిప్పుతావు బాబూ?"

తేజ బూట్ల వంక చూసుకున్నాడు. "డిపెండ్స్" అన్నాడు.

షెడ్డు గోడకి పూజ అల్మారా ఉంది. ఏటా మొదటి కాపు దేవుడికి అని, ఆ ఏడాది ఒలిచిన మొదటి పలకని మల్లికార్జునరావు స్వయంగా కొబ్బరికాయ కొట్టి అందులో పెడతాడు. ఒక్క ఏడాది తప్పలేదు. పదకొండు పలకలూ వరసగా, నిన్ననే తుడిచినవి, పసుపు కుంకాలతో మెరుస్తున్నాయి. మిసెస్ హోల్ట్ బూట్లు విడిచింది. కళ్ళజోడు పెట్టుకుని మొదటి పలక నుంచి నడిచింది.

మొదటి లక్ష్మికి బుగ్గలు బూరెల్లా ఉన్నాయి. రెండో లక్ష్మి, అవని పళ్ళకి తీగలు వేయించుకున్న ఏడాదిది, నోరు గట్టిగా మూసుకుంది. మూడో లక్ష్మి నుంచి కనుబొమ్మ మీద గాటు, అవని సైకిల్ మీంచి పడ్డ ఏడాది. ఏడో లక్ష్మి కళ్ళ కింద పరీక్షల అలసట. తొమ్మిదో లక్ష్మి మాత్రం నవ్వింది, ఎందుకో అవని ఎవరికీ చెప్పలేదు. పదకొండో లక్ష్మి ముఖం చిట్లించి సూటిగా చూస్తోంది.

మిసెస్ హోల్ట్ వెనక్కి తిరిగి తేజ ముఖం చూసింది. అవని ముఖం చూసింది. పెన్సిల్ తీసి ఫారంలో ఉన్న పేరు మీద ఒక గీత కొట్టింది.

"నీ పేరు స్పెల్లింగ్ చెప్పమ్మా."

అవని తండ్రి వంక చూసింది. తల్లి మోచేత్తో పొడిచింది. అప్పుడు ఒక్కొక్క అక్షరమే చెప్పింది.

"మేడమ్, ఫారంలో నేను..." అన్నాడు మల్లికార్జునరావు.

"సర్, ఈ నీళ్ళ సంగతి కౌంటీలో అందరికీ తెలుసు" అంది ఆవిడ, బూట్లు తొడుక్కుంటూ. "ఫారాలు నింపేవాళ్ళు మర్చిపోతుంటారు, అంతే."

కారు వెళ్ళిపోయింది. తేజ ముందు తేలికపడ్డాడు. "థ్యాంక్ గాడ్! ఆ రిసార్ట్ వాళ్ళ మెయిల్ నీకు ఫార్వర్డ్ చేయనా?"

"చెయ్యి. నో అని రాయడానికి నాకూ టూ మినిట్స్ చాలు."

మల్లికార్జునరావు కూతురి ముందుకొచ్చి నిలబడ్డాడు. క్షమించమనే అలవాటు ఆయనకి లేదు. "ఇప్పుడైనా నవ్వుతూ తిప్పుతావా?" అన్నాడు.

"నవ్వొస్తే నవ్వుతాను నాన్నా. ఆ అవతలి నిచ్చెన మీరు తిప్పండి. వచ్చే ఏడాది వందమంది లక్ష్ములకి మీసాలొస్తే వచ్చాయి."

ప్రసూన నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తింది. ఆయన కాసేపు దగ్గి, చొక్కా చేతులు మడిచి, మొదటి అచ్చు మీద చెయ్యి వేశాడు. నీళ్ళు చల్లగా ఉంటాయని ఆయనకి ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు కొత్త పలకల వెనక అవని పేరే ఉంటోంది. కానీ పాతవి వేలకొద్దీ మీ ఇళ్ళలోనే ఉన్నాయి, అబద్ధపు ముద్రతో, ముఖం మాత్రం బయటికి పెట్టుకుని. అందుకే అడుగుతున్నాను. ఇంటికి వెళ్ళగానే స్టూలు వేసుకుని గుమ్మం మీది లక్ష్మిని దించండి. వెనక్కి తిప్పండి. 'అండ్ సన్' అన్నది కొట్టేసి అవని పేరు రాయండి. రాశాక పెన్నుకి అప్పుడే మూత పెట్టకండి. మీ ఇంట్లో కూడా ఎవరి చేతులతో నడిచే పనికో ఇంకెవరి పేరో రాసిన కాగితం ఒకటి ఉంటుంది. దాన్నీ బయటికి తీయండి.